రాని పిల్లల పేర్లు పిలిచిన టీచరమ్మ

మా పెద్ద టీచరమ్మ పోయారన్న కబురు పోయిన గురువారం మధ్యాహ్నం ఆదోనిలో మా బడికి వచ్చింది. బడిలో ఫోను లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆమె చెల్లెలి కొడుకు మా కరస్పాండెంటు గారి పత్తి మండీకి ఫోను చేశాడు. మండీ గుమాస్తా సైకిలు మీద వచ్చాడు. నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, "టీచరమ్మా, మీ పాత హెడ్డుమేడమ్ము కాలం సేసినారంట. సాయంత్రానికంతా తీస్కపోతారంట, బిరీన పోండి" అన్నాడు. బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను పిల్లలనే పూర్తి చేసుకోమని చెప్పి బస్టాండుకు నడిచాను.

ఎమ్మిగనూరులో ఆమె చెల్లెలి ఇల్లు నేతగాళ్ల వీధిలో. ఎప్పుడు వెళ్లినా మగ్గాల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి సరిగా వినిపించేది కాదు. ఆ రోజు వీధి పొడుగునా మగ్గాలు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో అడుగు పెట్టాకే ఆమె లేరన్నది నాకు నిజంగా తెలిసింది. అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టారు. కళ్లజోడు లేని ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. పదేళ్లకు పైగా ఒకే బడిలో పనిచేసిన మనిషి ముఖం చివరికి కొత్తగా కనిపించింది.

ఆమె గొప్ప మనిషి అని రాయడం తేలిక. కానీ "బాగుంది", "మంచిది" లాంటి మాటలు ఎవరు అన్నా ఆమె ఊరుకునేవారు కాదు. స్టాఫ్ రూములో ఎవరైనా "ఈ ఏడు బడి బాగా నడిచింది" అంటే, తింటున్న చేయి ఆపి, "ఎవరికి?" అని అడిగేవారు. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేవారు. మొదట్లో మాకందరికీ ఒళ్లు మండేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఆమె మా ఆడపిల్లల హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చారు. మంత్రాలయం వైపు గుడి సేవలో ఉన్న కుటుంబం. చిన్నతనంలోనే భర్త పోతే తండ్రి పట్టుబట్టి చదివించారట. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. విసుగు వస్తే రెండూ కలిసిపోయేవి. మధ్యాహ్నం డబ్బా తెరిచి ముందు పక్కవాళ్ల డబ్బాలోకి చూసేవారు. నా డబ్బాలో బొరుగుల ఉగ్గాని ఉందంటే తన చిత్రాన్నం నా ముందుకు తోసి, ఒక్క మాట కూడా అడక్కుండా డబ్బాలు మార్చేసేవారు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి పిల్లనూ "తిని వచ్చినావా?" అని అడిగేవారు. తినలేదని చెప్పిన పిల్లకు ఆఫీసు గదిలో బొరుగులు దొరికేవి. తినలేదని అబద్ధం చెప్పిన పిల్లలకూ దొరికేవి.

అప్పట్లో మా బడి గేటు పక్క గోడ మీద నీలం రంగుతో ఏటా పదో తరగతి పాస్ పర్సెంటేజీ రాయించేవాళ్లు. ఊళ్లో అందరూ ఆ గోడ చూసి పిల్లలను చేర్చేవాళ్లు. ఆ అంకె వెనక ఒక పద్ధతి ఉండేది. చదువులో వెనకబడిన పిల్లలను హాజరు చాలలేదని తొమ్మిదిలోనే ఆపేసేవాళ్లు. అయినా పదికి చేరినవాళ్లతో "పరీక్ష ఫీజు ప్రైవేటుగా కట్టుకోండి" అనేవాళ్లు. ప్రైవేటుగా పరీక్ష రాసినవాళ్లు బడి లెక్కలోకి రారు. పత్తి రోజుల్లో గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీలకు పోయే పిల్లలకు ఎలాగూ హాజరు చాలదు. అందుకని ఎవరికో అన్యాయం చేస్తున్నామని మాకెవరికీ తోచేది కాదు.

ఆమె వచ్చిన కొత్తలో కమిటీ మీటింగు జరిగింది. కరస్పాండెంటు గారు, అంటే బడిని నడిపే కమిటీకి పెద్ద, చెడ్డ మనిషి కాదు. పత్తి వ్యాపారంలో వచ్చినదానిలోంచి బడికి గదులు కట్టించిన మనిషి. ఆయన అన్నారు: "వచ్చే ఏడు నూటికి నూరు రావాల మేడమ్. మన బడికి అదే గురి."

"నూరు అంటే ఎవరు సార్?"

"ఎవరేందమ్మా, పరీక్ష రాసే పిల్లోళ్లు."

"ఆరో తరగతిలో రెండు గదుల నిండా ఉండారు. పదికొచ్చేటప్పటికి ఒక గదిలో సగం ఖాళీ. మిగిలినోళ్లు యాడికి పోయినారు?"

"పెండ్లిండ్లై పోయినారు. పనులకు పోయినారు. దానికి మనమేం సేస్తాం?"

"ఏమో సార్. బడి బాగుండాదని గోడ మీద రాసుకుంటాండాము. ఎవరికి బాగుండాదో ఒకసారి అడిగి వస్తాను. గురి సంగతి ఆ తర్వాత మాట్లాడుదాం."

ఆయన నవ్వి సరే అన్నారు. ఊరికే అన్న మాట అనుకుని ఉంటారు. ఆమె మాత్రం ఆ వారం నుంచే సాయంకాలాలు నన్ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీల వెనక వీధులు తిరగడం మొదలుపెట్టారు.

పది ఇళ్లు తిరిగితే పది జవాబులు వచ్చాయి. "మేము ఫ్యాక్టరీ నుంచి వచ్చేదంక పిల్లను బడిలోనే పెట్టుకోండమ్మా, ఒంటిగా ఇంట్లో ఉంటే భయం" అంది ఒక తల్లి. పక్కింట్లోనే ఇంకో ఆమె కొంగు విదిలించి, "సదువు మీ ఇష్టం. పత్తి కాలంలో మాత్రం నా పిల్ల జోలికి రావద్దండి. దాని కూలితోనే చలికాలం గడుస్తాది" అంది. లారీ ఆఫీసులో గుమాస్తా ఒకాయనకు కూతురు ఎలాగైనా టీచరు కావాలి. ఒక ముసలామెకు మనవరాలు మడిచి తెచ్చిన కాగితాల్లో ఏముందో చదివి చెబితే చాలు. ఇంకొకామె ఏమీ అక్కర్లేదంది, పిల్లను కొట్టకుండా ఉంటే అంతే చాలంది. పెద్ద టీచరమ్మ ఎవరితోనూ వాదించలేదు. పిల్లలను కూడా విడిగా అడిగారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె చాలాసేపు నసిగి, "దొడ్డికి పోయేదానికి మరుగు లేదు టీచర్. అందుకే మా అక్క మానేసింది" అంది. ఆ మాట వినగానే నడుస్తున్న ఆమె అక్కడే ఆగిపోయారు. మేమిద్దరం ఆడవాళ్లం. రోజూ ఆ బడిలోనే ఉంటాం. టీచర్ల దొడ్డికి తలుపుంది కాబట్టి మాకది కనిపించలేదు.

మమ్మల్ని కూడా అడిగారు. సైన్సు టీచరు సూటిగా చెప్పేసింది: "రిజల్టు పడిపోతే గ్రాంటు ఆగుతుందంటారు. గ్రాంటు ఆగితే మా జీతాలు ఆగుతాయి. మేమూ సంసారాలు చేసుకునేవాళ్లమే మేడమ్." ఇంకో హెడ్‌మిస్ట్రెస్ అయితే గద్దించేది. ఈమె "నిజమే కదా, అదీ చూసుకోవాల" అన్నారు.

ఇన్ని కోరికల్లోంచి ఒక గురి ఎలా తీస్తారా అని నేను చూస్తూ ఉన్నాను. చివరికి ఆమె పెట్టింది ఇది: ఆరో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి పరీక్ష హాల్లో మా బడి పిల్లగానే కూర్చోవాలి. పాసవడం ఆ తర్వాతి మాట. దానికోసం పత్తి రోజుల్లో ఒంటిపూట బడి పెట్టారు. కమిటీని ఒప్పించి వెనక గోడ కట్టించి, దొడ్లకు తలుపులు పెట్టించారు. సాయంత్రాలు పదో తరగతిలో ముందు బెంచీ పిల్లలకు నేను చెప్పే ప్రత్యేకం లెక్కల క్లాసును వెనక బెంచీలకు మార్చారు.

"ఇదంతా అవుతోందో లేదో మనకెలా తెలుస్తుంది? ఏదో ఒక కొలత ఉండాలి కదా" అన్నాను నేను. లెక్కల టీచరును, నా బుద్ధి అటే పోతుంది.

"వచ్చినోళ్ల పేర్లు రోజూ పిలుస్తాము. రేపటి నుంచి రానోళ్లవి పిలుద్దాం" అన్నారు.

మరునాడు ప్రార్థన అయ్యాక ఆమె అలాగే చేశారు. బడికి రాని పిల్లల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలిచారు. ఎవరూ పలకలేదు. ప్రతి పేరు తర్వాత కాస్త ఆగేవారు. ఆ ఆగడం మాకు భరించరానిదిగా ఉండేది. ఒక్కో పేరును ఒక్కో టీచరు తీసుకుని సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి రావాలి. మొదటి చలికాలం చాలా పేర్లు పిలిచాం. రెండో ఏడు తగ్గాయి. ఆ తగ్గడమే ఆమెకు కొలత.

అలా బడిలో నిలిచిన పిల్లలు పది పరీక్ష రాసిన ఏడు రిజల్టు ఘోరంగా వచ్చింది. పరీక్ష హాలు నిండింది, పాసైనవాళ్లు సగం కూడా లేరు. ఆ ఏడు గోడ మీద ఏమీ రాయించలేదు. ఊళ్లో మాటలు మొదలయ్యాయి. ఫెయిలైన పిల్ల తల్లి ఒకామె ఆఫీసు ముందు నిలబడి, "తొమ్మిదిలోనే నిలిపింటే గుట్టుగా ఉండేది. ఇప్పుడు పేపర్లో నంబరు లేదని వీధంతా తెలిసిపాయ. మీ గురి మాకెందుకమ్మా?" అని ఏడ్చింది. మళ్లీ రాసి పాసైనవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఇవాళ ఆలూరు దగ్గర బాలవాడీ నడుపుతోంది. కానీ ఆ తల్లి ఏడుపు కూడా అంతే నిజం.

అన్నిటికంటే పెద్ద దెబ్బ గోనెగండ్ల నుంచి వచ్చింది. మా పదో తరగతిలో మొదటి బెంచీ పిల్ల ఒకతె ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉండి చదివేది. నెమ్మదైన పిల్ల. కర్నూలులో హాస్టలుతో సహా ఇంటర్ సైన్సు సీటు దానికి ఖాయమని అందరం అనుకున్నాం. లెక్కల్లో మార్కులు తగ్గి సీటు తప్పిపోయింది. దాని తండ్రి మెట్ట సేద్యం చేసుకునే మనిషి. ఎండలో వచ్చి, భుజం మీది తువ్వాలుతో ముఖం కూడా తుడుచుకోకుండా ఆఫీసులో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా బిడ్డ ఏం తప్పు సేసింది టీచరమ్మా?"

"తప్పేమీ సేయలేదప్పా."

"సదవనోళ్లకంతా లెక్కల టీచరును పెట్టినారంట. సదివే పిల్లకు తీసేసినారంట. రానోళ్ల ఇండ్లకు పోయి అడిగినారంట కదా, ఏం కావాలని. రోజూ వచ్చే నా బిడ్డను అడిగినారా?"

ఆమె చెప్పుకోవడానికి జవాబులున్నాయి. పరీక్ష అంటే అదృష్టమూ ఉంటుందని చెప్పవచ్చు, పాతిక మంది మేలు కోసమని చెప్పవచ్చు. ఏదీ చెప్పలేదు. "అడగలేదప్పా. బాగా సదువుతాది, దానికేం కొరత అనుకుంటి" అన్నారు.

అతను ఇంకేదో గట్టి మాట కోసం సిద్ధపడి వచ్చినవాడు, ఆ జవాబు విని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆమె వారం తిరక్కుండా కర్నూలు వెళ్లి సీటు కోసం తిరిగారు. దొరకలేదు. ఆ పిల్లను తండ్రి ఊరికి తీసుకుపోయాడు.

ఆ తర్వాత ఆమె అడిగే ప్రశ్న మారింది. ఏ కొత్త ఏర్పాటు గురించి ఎవరు చెప్పినా "ఎవరికి?" అన్నాక, "దీనివల్ల ఎవరికి ఏం పోతాది?" అని కూడా అడిగేవారు. వచ్చేది అందరూ అరిచి చెబుతారని, పోయేది అడిగితేనే బయటికి వస్తుందని అనేవారు. ముందు బెంచీ క్లాసు మళ్లీ పెట్టాలనుకున్నప్పుడు నన్ను "చెబుతావా?" అనలేదు. "రెండు పూటలా నువ్వుంటే నీ ఇంట్లో ఏం పోతాది?" అన్నారు. నా చంటిపిల్ల సంగతి చెప్పాను. వారంలో మూడు రోజులే పెట్టారు. మిగతా రోజులు ఆ పిల్లలకు తానే తెలుగు వ్యాసం రాయించేవారు.

కమిటీ మూడో ఏడు ఆగలేకపోయింది. చేరే పిల్లలు తగ్గిపోయారు, ఊళ్లో పేరున్నవాళ్లు పిల్లలను వేరే బడికి మార్చారు. కరస్పాండెంటు గారు బాధపడుతూనే చెప్పారు: "మేడమ్, మీరు సేసేది తప్పని నేననను. బడే లేకపోతే ఎవురికి సెప్తారు సదువు? మందంగా ఉండే పిల్లోళ్లను ప్రైవేటుగా కట్టించండి. మిగతాదంతా మీ ఇష్టం."

"అదొక్కటి నావల్ల కాదు సార్."

"అట్లయితే ఇంకొకరిని సూసుకుంటాం."

చూసుకున్నారు. ఆమె రాజీనామా చేసి పోతారనుకున్నాం. పోలేదు. తెలుగు టీచరుగా ఉండిపోయారు. తన కుర్చీలో కొత్తామె కూర్చుంటే, మా స్టాఫ్ రూములో నా బల్లకు ఎదురుగా చోటు చేసుకుని రిటైరయ్యేదాకా అక్కడే కూర్చున్నారు. గోడ మీద మళ్లీ నీలం అంకె వచ్చింది. రాని పిల్లల పేర్లు పిలవడం ఆగిపోయింది. పత్తి రోజుల ఒంటిపూట బడి, వెనక గోడ, తలుపులు మాత్రం ఉండిపోయాయి, ఇప్పటికీ ఉన్నాయి. ఆమె కొత్త హెడ్‌మిస్ట్రెస్ మీద ఒక్క మాట అనగా నేను వినలేదు. కానీ ప్రార్థన అయ్యాక అందరం లోపలికి వెళుతుంటే, ఆమె ఒక్కరే ఇంకొంచెంసేపు మైదానంలో నిలబడేవారు.

ఒక దసరా సెలవుల్లో "గోనెగండ్లకు పోయి రావాల, తోడు వస్తావా?" అని అడిగారు. ఎందుకో చెప్పక్కర్లేదు. ఆ పిల్లకు అప్పటికి ఊళ్లోనే పెళ్లయింది, చంకలో పసిబిడ్డ ఉంది. మమ్మల్ని చూసి కంగారుగా చాప వేసి, ముందున్న వేరుశెనక్కాయల కుప్ప పక్కకు జరిపింది. మజ్జిగ ఇచ్చింది. పెద్ద టీచరమ్మ తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకునే ఉన్నారు.

"ఆ యేడు నిన్ను అడగకుండా నీ క్లాసు తీసేసినాను. మీ నాయన వచ్చి అడిగిందాంక నాకు తెలీలేదు. నీ సీటు పాయ."

ఆ అమ్మాయి కాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే నెమ్మదిగా అంది: "సీటు గురించి మా నాయన అనుకున్యాడు టీచర్. నేను అంతదాంక అనుకోలేదు. మా అత్త ఇంటికి పోతానే అంట్లు, నీళ్లు, పిల్లోళ్లు. ఆ సాయంత్రం క్లాసులో కూసున్నంతసేపు ఎవురూ నన్ను పిలిసేవాళ్లు కాదు. అది బాగుండె నాకు. అది పోయిందని ఏడ్సినాను."

"నాకు సెప్పింటే..."

"మీరు అడగలేదు, నేనూ సెప్పలేదు. ఇప్పుడు సెప్పి ఏం సేసేది టీచర్? మజ్జిగ తాగండి, వేడెక్కతాది."

ఆమె తాగారు. తిరుగు ప్రయాణంలో నా వైపు తిరక్కుండానే అన్నారు: "తండ్రి మార్కులని అనుకున్యాడు. మనమూ మార్కులనే అనుకుంటిమి. ఆ పిల్లకు పోయింది ఇంకొకటి. ఏ కొలతతో తెలుసుకోవాల్సిందమ్మా అది?"

రిటైరయ్యాక చెల్లెలి దగ్గరికి ఎమ్మిగనూరు వెళ్లిపోయారు. పోయిన ఎండాకాలం చివరిసారి చూశాను. పక్షవాతంతో మాట ముద్దగా వచ్చేది. మగ్గాల చప్పుడులో అది నాకు సగమే అందేది. చెవి దగ్గరగా పెడితే, "మనం సేసింది తప్పా?" అంటున్నారు. "కాదు మేడమ్" అన్నాను. ఆమె నన్ను నమ్మలేదు. నమ్మకపోయినా బాధపడలేదు. నా చేతిని తన ఎడమ చేతితో పట్టుకుని, వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. ఆమెను ఆ ప్రశ్నతోనే వదిలి వచ్చాను.

గురువారం సాయంత్రం అంతా అయ్యాక ఆదోని బస్సు ఎక్కాను. నిండా జనం. దారిలో ఏదో ఊరి దగ్గర బడి పిల్లలు కొందరు ఎక్కారు. లంగా వోణీలో ఉన్న పిల్ల ఒకతె, "రవంత జరగండక్కా" అని నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఏ బడి, ఏ తరగతి అని అడుగుదామనుకునేలోగానే దానికి కునుకు పట్టింది. తల నెమ్మదిగా వాలి నా భుజం మీద ఆగింది. ఒళ్లో పుస్తకాలు జారిపోబోతే ఒక చేత్తో పట్టుకున్నాను. కిటికీ బయట పొలాల మీద చీకటి పడుతోంది. కండక్టరు టికెట్టు కోసం వచ్చి పిల్లను తట్టబోతే వద్దని సైగ చేశాను. భుజం తిమ్మిరెక్కినా ఆదోని వచ్చేదాకా కదల్లేదు.